వేట ఆగిన రోజుల్లో ఒక పాత ల్యాప్‌టాప్

నా ల్యాప్‌టాప్ వెనక మూత ఊడదీసిన దుర్గాశ్రీనివాస్ లోపలికి టార్చి వేసి, ఫ్యాను మీద నుంచి ముదురు రంగు గ్రీజు ముద్ద ఒకటి వేలితో తీసి నా కళ్ళ ముందు పెట్టాడు.

"ఇదేంటండీ?" అన్నాను.

"నేనడగాల్సిన మాట మీరడుగుతున్నారు," అన్నాడతను.

బందరు కోనేరు సెంటర్ పక్క సందులో అతని రిపేరు షాపు. మే నెల మూడో వారం. పదకొండు గంటలకే రోడ్డు మీద మనుషులు లేరు. షాపులో ఏసీ లేదు, టేబుల్ ఫ్యాను అతని వైపు తిరిగి ఉంది. అతను పుల్ల పెట్టి ఒక్కో చోటా గీకుతూ పోయాడు. ఫ్యాను ఇరుసులో గ్రీజు. గాలి బయటికి పోయే సందుల్లో గ్రీజు. ఛార్జర్ పెట్టే చోట, మౌస్ పెట్టే చోట, ఇయర్‌ఫోన్ బెజ్జంలో కూడా గ్రీజే.

తర్వాత చేతులు తుడుచుకుని అతను తన లెక్క చెప్పాడు. ప్రాసెసర్ మీద ఒక రకం పేస్టు రాస్తారట, వేడి లాగడానికి. బాగుచేసి అమ్మే పాత మిషన్లలో దాన్ని మళ్ళీ కొత్తగా రాయాలట. కొంతమంది సెకండ్ హ్యాండ్ వాళ్ళు ఆ పేస్టు దండగనుకుని మామూలు గ్రీజు పూసేస్తారట. అది వేడికి కరిగి ఇలా అన్ని చోట్లకీ పాకిందట.

ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. కరిగిన గ్రీజు కిందికి జారుతుంది గాని, మిషనుకి అటు చివరనున్న ఇయర్‌ఫోన్ బెజ్జంలోకి ఎక్కి కూర్చోదు. ఆ సందేహం అతనికీ రాలేదు, నాకూ రాలేదు. అతను "ఎక్కడ కొన్నారు?" అని అడిగాడు. గుడివాడలో, పాత మిషన్లు బాగుచేసి అమ్మే సామ్యేలు అన్నయ్య దగ్గర అని చెప్పాను. "ఇంకేం మరి," అన్నాడు. అంతే. నాకు ఒక పేరు దొరికింది. పేరు దొరికాక ఇక వెతకబుద్ధి కాదు.

అతను తుడవగలిగినంత తుడిచాడు. లోపలికి దిగిపోయింది రాదన్నాడు. ఆ మోడల్‌కి కొత్త ఫ్యాను విజయవాడలో కూడా లేదు, తెప్పించాలంటే నెల పడుతుందన్నాడు. ఈలోపు బయటి నుంచి గాలి తగిలేలా పెట్టుకుంటే ఒక గంట నడవొచ్చన్నాడు.

నాకు నెల లేదు. ఆ ముందు శనివారమే పరీక్ష మధ్యలో, సరిగ్గా పంతొమ్మిదో నిమిషంలో, తెర నల్లబడిపోయింది. నన్ను తీసుకున్న హైదరాబాదు కంపెనీ వాళ్ళు ఆరు వారాల ట్రైనింగు ఇంటి నుంచే పెట్టారు. ప్రతి శనివారం ఒక పరీక్ష, ఆఖర్న మూడు గంటల పెద్ద పరీక్ష. శనివారం పరీక్షలు రెండు తప్పితే పేరు కొట్టేస్తారు. పెద్దది తప్పితే ఉద్యోగమే లేదు. నాకు ఒకటి అప్పటికే తప్పింది.

*

ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా మాకు సముద్రం మీద వేట ఉండదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఆపేస్తుంది. మా నాన్న వెంకటపతి గిలకలదిండి హార్బర్‌లో గంగాభవాని అనే బోటుకి సరంగు, బోటు నడిపేది ఆయనే. సంవత్సరం మొత్తంలో ఆయన పగటిపూట ఇంట్లో కనపడేది ఆ రెండు నెలలే. కనపడతాడు గాని కుదురుగా ఉండడు. తలుపు బందు కిర్రుమంటే నూనె పోస్తాడు, కిర్రుమనకపోయినా పోస్తాడు. మా అమ్మ సుబ్బాయమ్మ రేవులో వేలంలో చేపలు పాడుకుని బజార్లో అమ్ముతుంది. వేట లేనప్పుడు చిలకలపూడి నుంచి రోల్డుగోల్డు దిద్దులు తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని రాళ్ళు అంటిస్తుంది. ఆ పని చేసేటప్పుడు పక్కన ఎవరైనా అటూ ఇటూ తిరిగితే ఆవిడకి మండుతుంది. కాబట్టి ఆ రెండు నెలలూ మా ఇంట్లో మొగుడూ పెళ్ళాల యుద్ధం ఉంటుంది.

ఆ ఏడు ఏప్రిల్ ఆఖర్న నాన్నా నేనూ గుడివాడ వెళ్ళాం, ల్యాప్‌టాప్ కొనడానికి.

సామ్యేలు అన్నయ్య కొట్టు స్టేషన్ రోడ్డులో ఉంటుంది. నేను గుడివాడలో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ మా హాస్టల్ అమ్మాయిల మిషన్లన్నీ బాగుచేసింది ఆయనే. ఆదివారం చర్చి అయ్యాక తెల్ల చొక్కాతోనే వచ్చి కొట్టు తీసేవాడు, సోమవారం పరీక్షలున్నాయని మేం గోల పెడితే. ఆయన బల్ల మీద రెండు మిషన్లు పెట్టాడు. వాటి ధర ఇంచుమించు ఒకటే. అందుకే ఎంచుకోవడం కష్టమైంది.

ఒకటి ఆరేళ్ళది. ఏదో ఆఫీసులో వాడి తీసేస్తే ఈయన బాగుచేశాడు. పదిహేను అంగుళాల తెర, లోహపు ఒళ్ళు, బరువు. మెమరీ బోలెడంత. బ్యాటరీ మాత్రం గంటన్నర. రెండోది కొత్తది, డబ్బా మా ముందే తెరిచాడు. పదకొండు అంగుళాలు, ప్లాస్టిక్, ఒక చేత్తో ఎత్తొచ్చు. మెమరీ తక్కువ. బ్యాటరీ రోజంతా వస్తుంది.

"సుమతమ్మా, నీ చదువుకైతే పాతది మంచిది. మీ ఊరికైతే కొత్తది మంచిది," అన్నాడాయన.

ఎందుకో చెప్పాడు. పాతదానికి ఫ్యాను ఉంది, బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. మా ఇంటికి సముద్రం ఎంత దూరమో ఆయనకి తెలుసు. ఉప్పుగాలి లోపలికి వెళ్తే తీగలు తినేస్తుంది. కొత్తదానికి ఫ్యానే లేదు, అన్ని వైపులా మూసేసి ఉంటుంది.

నాన్న రెండింటినీ ఎత్తి చూశాడు. బోటు చెక్క కొన్నప్పుడు చేసినట్టు వేలి కణుపుతో రెండింటి మీదా తట్టి చెవి పెట్టాడు. కొట్లో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు నవ్వుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఈ పాతదాన్ని విప్పి చూపిస్తారా?" అన్నాడు నాన్న.

సామ్యేలు అన్నయ్య ఏమీ అనుకోలేదు. పది స్క్రూలు విప్పి, ఏది ఎక్కడిదో తెలిసేలా ఒక కాగితం మీద వరసగా పేర్చాడు. నాన్న ఒక్కోదాన్నీ వేలితో చూపించి ఇదేంటి, ఇదేం చేస్తుంది అని అడిగాడు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఇద్దరూ ఆ మిషను మీద వంగి తలలు దగ్గర పెట్టుకున్నారు. నేను మొహమాటంగా గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

చివరికి నాన్న లేచి తన తీర్పు చెప్పాడు. కొత్త ఇంజను ఏం చేస్తుందో ఎవరికీ తెలీదట. ఇది ఆరేళ్ళు తిరిగింది, దీని జబ్బులేంటో ఈయనకి తెలుసట. పైగా చిన్నదాంట్లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, పిల్ల కళ్ళు పోతాయట.

నాకూ పెద్ద తెర కావాలనే ఉంది. ఒక పక్క క్లాసు, ఒక పక్క నా కోడు పెట్టుకోవచ్చు. అయినా సామ్యేలు అన్నయ్య మాట విని కొంచెం వెనకాడుతున్నాను. నాన్న అన్నాక ఇక వెనకాడలేదు. పాతదే తీసుకున్నాం. కవర్లో పెట్టుకోమనీ, కిటికీ దగ్గర ఉంచొద్దనీ, మూడు నెలలకోసారి తెస్తే శుభ్రం చేసిస్తాననీ ఆయన గుమ్మం దాకా వచ్చి మళ్ళీ చెప్పాడు.

బందరు పాసింజర్లో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. నాన్న ఆ సంచిని పైన పెట్టనివ్వలేదు. దిగేదాకా ఒళ్ళోనే ఉంచుకున్నాడు.

*

మే మొదట్లో ట్రైనింగు మొదలైంది. మిషను బాగా నడిచింది. మొదటి శనివారం పరీక్షలో నాకు మంచి మార్కులొచ్చాయి. నాన్న రోజుకోసారి గుమ్మం దగ్గరకొచ్చి, "వేడెక్కుతోందా?" అని అడిగేవాడు, బోటు మీద ఇంజను డ్రైవర్ని అడిగినట్టు. లేదని చెబితే తలూపి వెళ్ళిపోయేవాడు.

వేట ఆగినప్పుడు మా వాళ్ళకి పని ఉండదనుకుంటారు గాని, ఉంటుంది. వలలు బాగుచేసుకుంటారు, బోట్లకి రంగులేస్తారు, ఇంజన్లు విప్పి కడుగుతారు. మా వీధి మొత్తం ఆ రోజుల్లో రంగులూ డీజిలూ కలిసిన వాసన వేస్తుంది. దాంట్లో పుట్టి పెరిగిన వాళ్ళకి అది వాసనగా తెలీదు.

మొదటి పరీక్ష మర్నాడు, ఆదివారం, అమ్మా నేనూ హంసలదీవి వెళ్ళాం. అక్కడ మా మేనమామ కూతురి ఓణీల ఫంక్షను. సోమవారం ట్రైనింగుకి సెలవు. అవనిగడ్డ మీదుగా బస్సులు మారి వెళ్ళేసరికే సగం రోజు పోతుంది, అక్కడ సిగ్నల్ కూడా సరిగ్గా ఉండదు. అందుకని ల్యాప్‌టాప్ ఇంట్లోనే వదిలేశాను. ఎవర్నీ ముట్టుకోనివ్వకు నాన్నా అని చెప్పాను. నేను చూసుకుంటాలే అన్నాడు.

మంగళవారం పొద్దున వచ్చేసరికి అది నా బల్ల మీద లేదు. ఇల్లంతా వెతికాను. లోపలి గదిలో, కిటికీకి దూరంగా, బియ్యం డ్రమ్ము మీద ఉంది. కొత్త పాలిథిన్ కవర్లో చుట్టి, పైన తువ్వాలు కప్పి, సన్న తాడుతో కట్టాడు. నేనూ అమ్మా పడీ పడీ నవ్వాం. దాన్ని ఫోటో తీసి నా స్నేహితురాళ్ళకి పంపాను. నాన్న కూడా నవ్వాడు. సామ్యేలు గారు కిటికీ దగ్గర పెట్టొద్దన్నాడు గదా అన్నాడు.

ఆ వారం మిషను బాగా వేడెక్కింది, ఎండలకనుకున్నాను. ఆ శనివారమే తెర నల్లబడింది.

*

దుర్గాశ్రీనివాస్ షాపు నుంచి ఇంటికొచ్చి సంగతి చెప్పగానే అమ్మ దిద్దుల పళ్ళెం పక్కకి తోసేసింది.

"నాలుగేళ్ళు అన్నయ్యా అన్నయ్యా అని తిరిగావు గదే. చూసుకో నీ అన్నయ్యని," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కోపమైంది. ఫోన్ తీసి మా హార్బర్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాను. రెండొందల పైచిలుకు మంది ఉంటారు అందులో. గుడివాడ స్టేషన్ రోడ్డు సామ్యేలు దగ్గర ఎవరూ ఏదీ కొనొద్దు, పేస్టు పెట్టాల్సిన చోట గ్రీజు పూసి అమ్మాడు, పేద పిల్లల జీవితాలతో ఆడుకుంటున్నాడు, అన్నాను. పేద పిల్లల మాట అమ్మ పక్కనుంచి అందించింది. సాయంత్రానికల్లా అది మా కాలేజీ గ్రూపులన్నిట్లోకీ వెళ్ళిపోయింది. నేను పంపలేదు. పంపేవాళ్ళకి కొదవా.

నాన్న మెట్ల మీద కూర్చుని అంతా విన్నాడు. నేను ఫోన్ పక్కన పెట్టాక అడిగాడు, గ్రీజు వల్లే ఆగిందని అతను ఖాయంగా చెప్పాడా అని. చెప్పాడన్నాను. తుడిచేస్తే బాగవ్వదా అన్నాడు. లోపలికి దిగిపోయిందట అన్నాను. ఆయన లేచి పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. తర్వాత హార్బర్ వైపు వెళ్ళిపోయాడు.

సామ్యేలు అన్నయ్య మూడుసార్లు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు.

మర్నాటి నుంచి మా ఇంట్లో ఒక వింత మొదలైంది. నేను క్లాసుకి కూర్చోగానే నాన్న విసనకర్ర తెచ్చుకుని బల్ల పక్కన కింద కూర్చునేవాడు, కెమెరాకి కనపడకుండా. ల్యాప్‌టాప్ వెనక వైపుకి విసరడం మొదలుపెట్టేవాడు. టేబుల్ ఫ్యాను ఉంది గాని, మే నెలలో మా వీధికి కరెంటు ఎప్పుడు పోతుందో దానికే తెలీదు. నాన్న కరెంటుని నమ్మలేదు. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం రెండు. కుడి చెయ్యి లాగితే ఎడమ చేతికి మార్చుకునేవాడు. ముప్పై ఏళ్ళు వల లాగిన భుజం, విసనకర్రకి వాచింది. అమ్మ కాపడం పెడుతూ తిట్టేది.

"పెళ్ళైన కొత్తలో చెమటకి చచ్చిపోతుంటే ఒక్కనాడు నాకు విసిరిన పాపాన పోలేదు. మిషనుకి విసురుతున్నాడు మారాజు," అనేది.

ఆ రోజుల్లో ఆయన హార్బర్‌లో పేకాటకి పిలిచినా వెళ్ళలేదు. తలుపు బందులు కిర్రుమంటున్నా పట్టించుకోలేదు. ఎండకి అలిసిపోయాడనుకున్నాం. మేమందరం అలిసిపోయే ఉన్నాం. పొద్దున లేచేసరికే ఒళ్ళు ఉప్పగా ఉండేది. క్లాసు మధ్యలో మిషను అడుగున చెయ్యి పెట్టి చూసుకోవడం, ఇంకెంతసేపు అనుకోవడం. నేను కోడు రాసింది తక్కువ, వేడి చూసింది ఎక్కువ.

అలా మూడో శనివారం గట్టెక్కింది. నాలుగోదీ గట్టెక్కింది. ఐదో శనివారం పరీక్ష అయ్యాక నాకు ఏదో అయిపోయి, కుర్చీలోంచి దిగి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను.

"నాన్నా, నువ్వు లేకపోతే నా ఉద్యోగం పోయేది," అన్నాను.

విసనకర్ర ఆగింది. ఆయన నా మొహం చూశాడు. ఏదో అనబోయినట్టు అనిపించింది. మిషను ఇంకా చల్లారలేదమ్మా అని, మళ్ళీ విసరడం మొదలుపెట్టాడు.

ఆరో శనివారం కూడా అయ్యాక, ఆ మరుసటి వారం మధ్యలో పెద్ద పరీక్ష నిబంధనలు వచ్చాయి. వచ్చే సోమవారం. మూడు గంటలు. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు. ముందు కెమెరా తిప్పి నాలుగు గోడలూ చూపించాలి. చప్పుడు వినిపిస్తే రద్దు.

విసనకర్రకి చోటు లేదు. అసలు విసరడానికి మనిషే ఉండడు. ఆదివారం తెల్లవారుజామున వేట మొదలు, గంగాభవాని సముద్రం మీదికి పోతుంది. మిషను అరువడగదగ్గ స్నేహితురాళ్ళు ఇద్దరున్నారు, ఇద్దరూ అదే పరీక్ష రాస్తున్నారు. ఇక మిగిలింది గుడివాడ. మిషను ఆయన మొహాన కొట్టి మార్చి ఇమ్మనడం.

శుక్రవారం బయల్దేరాను. నేనూ వస్తాను అన్నాడు నాన్న. నేను రమ్మనలేదు. అమ్మ మాత్రం తీసుకెళ్ళమంది. మోసగాళ్ళ దగ్గరికి ఆడపిల్ల ఒక్కత్తీ వెళ్ళకూడదంది.

*

కాలేజీలు తెరిచే రోజులు. ఆ వారంలో సామ్యేలు అన్నయ్య కొట్లో నిలబడ్డానికి చోటుండదు. మేం వెళ్ళేసరికి ఆయన ఒక్కడే ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, రండి బాబాయి గారూ అని నాన్నకి స్టూలు వేశాడు. మంచినీళ్ళు ఇచ్చాడు. నేను సంచి రెండు చేతుల్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

ఆయన ముందు తన ఫోన్ తీశాడు. ఒకటి నొక్కాడు. నా గొంతే. పేద పిల్లల జీవితాలతో ఆడుకుంటున్నాడు అంటోంది.

"ఇది నువ్వేనా అమ్మా? ఎవరో నీ పేరుతో చేశారేమో అనుకున్నాను," అన్నాడు.

నేనే అన్నాను. ఆయన తలూపాడు. కోప్పడలేదు. ఈ నెల్లో తొమ్మిదిమంది తెచ్చి వెనక్కిచ్చారనీ, కారణం అడిగితే ఈ మెసేజ్ వినిపించారనీ చెప్పాడు. చర్చిలో కూడా ఒకాయన అడిగాడట, నవ్వుతూనే. చెప్పడం అయిపోయాక చెయ్యి చాపి, మిషను ఇలా ఇమ్మన్నాడు.

పది స్క్రూలు విప్పి కాగితం మీద వరసగా పెట్టాడు. భూతద్దం పెట్టుకుని చూశాడు. అప్పుడే తన బల్ల మీదున్న పేస్టు ట్యూబు నాకు చూపించాడు, బూడిద రంగులో ఉంది. తాను వాడేది అదేనన్నాడు. ఫ్యాను మూలలో మిగిలిన గ్రీజుని సూదితో కొంచెం తీసి, వేళ్ళ మధ్య రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

తలెత్తి నాన్న వైపు చూశాడు. ఆయన మొహం చూడలేదు, మోకాళ్ళ మీదున్న చేతులు చూశాడు. తర్వాత మూత పెట్టేసి స్క్రూలు బిగించడం మొదలుపెట్టాడు. చివరి స్క్రూ బిగించాక చేతులు తుడుచుకున్నాడు.

"సరేనమ్మా. నాదే పొరపాటనుకో," అన్నాడు.

అలమరలోంచి ఒక డబ్బా తీసుకొచ్చి నా ముందు పెట్టాడు. పదకొండు అంగుళాలది. ఫ్యాను లేనిది. సోమవారం దీని మీద రాసుకో, పాతది నేను ఉంచుకుంటాను, ఇంకేమీ ఇవ్వక్కర్లేదు అన్నాడు. ఒక్క సాయం మాత్రం అడిగాడు. అదే గ్రూపులో ఇంకో మాట పెట్టమన్నాడు. గొడవ తీరిపోయిందని చెబితే చాలు, తప్పెవరిదో చెప్పక్కర్లేదన్నాడు.

గెలిచినట్టే. కాని నాకు గెలిచినట్టు అనిపించలేదు. ఆ కొట్లోంచి త్వరగా బయటపడాలని మాత్రం ఉంది. ఫోన్ తీసి గ్రూపు తెరిచి మైకు బొమ్మ మీద వేలు పెట్టాను.

"ఇలా ఇవ్వమ్మా," అన్నాడు నాన్న.

పరీక్ష ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. సోమవారం పరీక్ష రాశాను. మా ఇంట్లో కాదు, సామ్యేలు అన్నయ్య కొట్టు వెనక గదిలో, ఆయన షట్టరు సగం దించి బయట కాపలా కూర్చుంటే. ఆ చిన్న మిషను మీదే రాశాను. అయిపోయాక తుడిచి, దాన్ని మళ్ళీ ఆయన బల్ల మీద పెట్టేసి వచ్చాను. కావలసిన దానికన్నా నాలుగు మార్కులు ఎక్కువొచ్చాయి. రెండేళ్ళయింది. ఇప్పుడు కంపెనీ ఇచ్చిన మిషను మీద ఇంటి నుంచే పనిచేస్తున్నాను. నాన్న ఇప్పటికీ నా గది గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని అడుగుతాడు. అడగొద్దని చాలాసార్లు చెప్పాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నాకివేవీ తెలీదు. నాన్న స్టూలు మీంచి లేచాడు. బోటు మీద వైర్‌లెస్ పట్టుకున్నట్టే ఫోన్‌ని అడ్డంగా పెదాలకి దగ్గరగా పట్టుకున్నాడు. నా వైపు చూడలేదు. వైర్‌లెస్‌లో మాట్లాడినట్టే ముందు బోటు పేరు చెప్పాడు.

"గంగాభవాని. సరంగు వెంకటపతిని. హార్బర్లో అందరికీ చెప్తన్నాను, వినండి. మొన్న మా అమ్మాయి ఇందులో గుడివాడ సామ్యేలు గారి మీద ఒక మాట పెట్టింది. మిషనుకి గ్రీజు పూసి అమ్మాడని. ఆయన పుయ్యలేదు. నేను పూశాను.

మా ఆడోళ్ళు హంసలదీవి వెళ్ళిన రోజు. ఆ పొద్దున మన బోటు ఇంజను కడిగి, గ్రీజు పెట్టి, కవరు చుట్టి కట్టేశాం. డబ్బాలో కాస్త మిగిలింది. ఈ మిషనుకి ఉప్పుగాలి పడదని ఈయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వినకండా ఇదే కొనిపిచ్చింది నేను. ఎట్టాగూ రెండు రోజులు ఊరికే ఉంటది, మన ఇంజనుకి చేసినట్టే దీనికీ చేద్దామనుకున్నాను. ఈయన ఎట్టా విప్పాడో నేను చూశాను గదా. కాగితం మీద వరసగా పెట్టుకుని విప్పాను. ఫ్యాను ఇరుసుకి పెట్టాను. గాలి పోయే సందులకి పెట్టాను. బెజ్జాలన్నిట్లో చీపురుపుల్లతో కూరాను. ఒక్కటి కూడా మిగల్చలేదు. నా బోటుకి కూడా అంత ఒద్దిగ్గా ఎప్పుడూ చెయ్యలేదు.

అది గ్రీజు వల్ల ఆగిందని మా అమ్మాయి ఇంటికొచ్చి చెప్పినప్పుడే నాకు తెలిసిపోయింది. చెప్దామని నోటిదాకా వచ్చింది. అప్పటికే మాట మీ అందరికీ వచ్చేసింది. రేపు చెప్దాం అనుకున్నాను. రేపు విసనకర్ర పట్టుకున్నాను. భయమేసి చెప్పలేదంటే అబద్ధం. విసిరినన్నాళ్ళూ మా అమ్మాయి నన్ను చాలా మంచోణ్ణనుకుంది. అది నాకు బాగుంది. అందుకని చెప్పలేదు.

ముప్పై ఏళ్ళుగా మీకు అబద్ధాలు చెప్తన్నాను. చేప తూరుపున పడితే దక్షిణాన పడిందన్నాను. మీరూ నాకు అట్టాగే చెప్పారు. అది వేటలో మామూలే. ఇది అట్టాంటిది కాదు. ఈయన కొట్లో ఒక్క మనిషి లేడు. నేను చూస్తన్నాను. ఇందాక గ్రీజు వాసన చూసి ఇది బోటు గ్రీజని ఈయనకి తెలిసిపోయింది. తెలిసీ తప్పు నాదేనని కొత్త మిషను తెచ్చి మా ముందు పెట్టాడు. అది మేం తీసుకోం.

ఇది ఎవరెవరికి పంపుకోవాలో పంపుకోండి. కాలేజీ పిల్లలకి తప్పకండా పంపండి. మా అమ్మాయి ఇక్కడే ఉంది, నా పక్కనే. తనూ ఇప్పుడే వింటంది."